నాదదారువును వెదకిన శిల్పి – ఆంటోనియో స్ట్రాడివరి

గొప్ప వస్తువును చూచినప్పుడు దానిని చేసిన చేతిని మెచ్చుకొనుట లోకసహజము. ఆ చేతికి ముడిసరకు నందించిన చేతులను తలచుకొనుట మాత్రము అరుదు. బొబ్బిలి వీణను చూచినవారు దానిని చెక్కిన శిల్పిని కొనియాడుదురు. ఆ వీణకైన పనసమ్రాను ఏ తోటలో పెరిగినది, ఎవరు కొట్టిరి, ఎన్నాళ్లు ఆరినది అని అడుగువారు తక్కువ. కాని పనివానికి అవియే మొదటి ప్రశ్నలు. కొయ్య మంచిది కానిచో ఉలి ఎంత వాడిగా నున్నను ప్రయోజనము లేదు.

ఇటలీ దేశములోని క్రెమోనా పట్టణమున డెబ్బది సంవత్సరములు వాయులీనములు చేసి, ఆ విద్యకే మారుపేరుగా నిలిచిన ఆంటోనియో స్ట్రాడివరి జీవితమును ఈ దృష్టితో చూచుట యుక్తము. అతని వార్నీషులో ఏదో మర్మమున్నదనియు, అది అతనితోనే మట్టిలో కలిసినదనియు జనులు చిరకాలముగా చెప్పుకొనుచున్నారు. ఆ కథల నడుమ మరుగుపడిన సంగతి ఒకటి కలదు. అతడు జీవితమంతయు మంచి కొయ్యను గుర్తించుట నేర్చుకొన్నవాడు. దొరకినదానిని పదిలపరచి పొదుపుగా వాడుకొన్నవాడు.

వాయులీనము మనకు పరాయిది కాదు. ఫిడేలు అను పేర అది పాశ్చాత్యుల వెంట దక్షిణదేశమునకు వచ్చెను. ముత్తుస్వామి దీక్షితుల సోదరులైన బాలుస్వామి దీక్షితులు దానిని కర్ణాటక సంగీతమునకు అలవరచిన వారిలో మొదటివారని ప్రసిద్ధి. విజయనగర సంగీత కళాశాలలో బోధించిన ద్వారం వెంకటస్వామినాయుడు గారు (1893–1964) పక్కవాద్యముగా నున్న దానిని ఒంటరిగా సభలో నిలిపి గౌరవము తెచ్చిరి. మన విద్వాంసులు కూర్చుండి వాయించు ఈ వాద్యమునకు ఆకారమును స్థిరపరచిన ఘనత క్రెమోనా పట్టణమునదే.

క్రెమోనా పో నదీతీరమున మైదానములో నున్న పట్టణము. పదునారవ శతాబ్ది నడుమ ఆంద్రియా ఆమాటి అను నతడు అక్కడ వాయులీన నిర్మాణమును ప్రారంభించెను. ఆ విద్య తండ్రి నుండి కొడుకునకు సంక్రమించుచు వచ్చెను. 1630లో వచ్చిన మహామారి ఆ కుటుంబమును గూడ తాకి, ఆంద్రియా కుమారుడైన జిరోలమో ఆమాటిని బలిగొనెను. మిగిలిన మనుమడు నికొలో ఆమాటి ఒంటరివాడయ్యెను. ఇంటిగుట్టుగా నుండిన పనిని అతడు పిమ్మట బయటి పిల్లలకు గూడ నేర్పుట మొదలిడెను. విద్య పదిమందికి పంచినగాని నిలువదను పాఠమును ఆ విపత్తు నేర్పినదని చెప్పవచ్చును.

స్ట్రాడివరి 1644 ప్రాంతమున జన్మించెను. అతని పేరు గల వాయులీనములలో మిక్కిలి పాతది 1666 నాటిది. దానిలో అంటించిన చీటీ అతనిని నికొలో ఆమాటి శిష్యునిగా పేర్కొనుచున్నది. మరుసటి సంవత్సరమున అతడు ఫ్రాంచెస్కా ఫెరబోస్కి అను వితంతువును వివాహమాడెను. ఇరువదిమూడేండ్ల యువకునకు పేరు లేదు. పెద్ద సిరి లేదు. గురువు ఇంకను జీవించియుండెను. గొప్పవారి బేరములన్నియు గురువు ఇంటికే పోవుచుండెను. ఇట్టివాడు మేలిరకపు కొయ్యను ఎట్లు సంపాదించును?

ఈ ప్రశ్న ఎంత బరువైనదో తెలియుటకు వాయులీనము దేనితో చేయబడునో తెలిసికొనవలెను. దానిలో సుమారు డెబ్బది చిన్న భాగములు కలవు. వానిలో ముఖ్యమైనవి రెండు పలకలు. పై పలక స్ప్రూస్ అను చెట్టు కొయ్యతో చేయుదురు. అది దేవదారువు వలె సూదుల వంటి ఆకులు గల కొండచెట్టు. అడుగు పలక, ప్రక్క బద్దలు, మెడ మేపుల్ అను చెట్టు కొయ్యతో చేయుదురు. పై పలక మందము 3 మిల్లీమీటర్లకు లోబడియే యుండును. నేటి వాద్యములలో నాలుగు తంత్రుల బిగువు మొత్తము ఇరువది కిలోలకు పైబడును. ఆ బిగువునకు వంగిపోని బలమును, విల్లు తాకినంతనే కంపించు తేలికదనమును ఒకే పలకలో నుండవలెను. బరువు తక్కువ, బిగువు ఎక్కువ అను రెండు గుణములు కలిసిన కొయ్య అరుదు. అట్టి కొయ్యను నాదదారువందము.

స్ప్రూస్ చెట్లన్నియు ఇందుకు పనికిరావు. ఎత్తయిన కొండలపై, చలిలో, సారము తక్కువగు నేలలో మెల్లమెల్లగా పెరిగిన చెట్టు కావలెను. అట్టి చెట్టులో ఏటేటి వలయములు దగ్గరదగ్గరగా, సమముగా నుండును. మాను నిలువున పోవు నార మెలితిరుగక తిన్నగా నుండవలెను. దుంగను రంపముతో ఇచ్చవచ్చినట్లు కోయక, నడుమ నుండి బెరడు వైపునకు చీల్చిన బద్దలనే వాడవలెను. చీలిక నార వెంట తానుగా పోవును గనుక నార వంకర యున్నచో వెంటనే బయటపడును. మేపుల్‌కు వేరొక పరీక్ష కలదు. దాని పలకపై జ్వాలల వలె మెరయు అడ్డచారలు అందమును తెచ్చును. కాని చారల యందము చూచి మోసపోరాదు. చార బాగుండి కొయ్య బరువైనదైనచో అడుగు పలక మూగదగును.

ఇక్కడనే క్రెమోనా పనివాని కష్టము. అతని చుట్టునున్న మైదానమున స్ప్రూస్ లేదు. అది ఉత్తరమున ఆల్ప్స్ పర్వతములలో నున్నది. ఆ పర్వతములలోని ఫియెమ్మె లోయ, పనెవెజ్జో అడవి వాయులీన దారువునకు నేటికిని ప్రసిద్ధములు. ఆ లోయ ప్రజలు 1111లో ట్రెంటో నగరపు బిషప్పుతో ఒడంబడిక చేసికొని తమ హక్కులను నిలుపుకొనిరి. అడవిని ఉమ్మడి సొత్తుగా భావించి, కట్టుబాట్లకు లోబడి చెట్లు కొట్టు సంప్రదాయము వారిలో వేళ్లూనినది. కొట్టిన మ్రానులు అవిజియో ఏటిలోను, పిమ్మట ఆదిజె నదిలోను తేలుచు మైదానమునకు దిగుచుండెను. మేలైన మేపుల్ బోస్నియా కొండల నుండి సముద్రము దాటి వెనిస్ రేవునకు వచ్చుచుండెనని వాయులీన చరిత్రకారుల అభిప్రాయము. వెనిస్ నాడు ఓడల నిర్మాణమునకు పేరుగన్న రాజ్యము. కలపకు గొప్ప అంగడి. అక్కడ నుండి పో నది మీదుగా పడవలపై సరకు క్రెమోనా చేరుటకు వీలుండెను.

అనగా కొండపై గొడ్డలి పట్టిన కూలి, నీటిలో దుంగలు నడిపిన తెప్పవాడు, రేవులోని వర్తకుడు, పడవవాడు, ఇందరి చేతులు మారిన పిదపగాని కొయ్య వడ్రంగి బల్లపైకి రాదు. వీరిలో ఏ ఒక్కడు అశ్రద్ధ చేసినను నష్టము శిల్పిదే. రసము నిండియున్న కాలమున కొట్టిన చెట్టు సరిగా ఆరదు. పచ్చికొయ్యను ఆరిన కొయ్యయని అమ్మిన వర్తకుని మోసము ఆనాడే తెలియదు. పలక చెక్కి, జిగురుతో అతికి, వార్నీషు పూసి, కొన్నవాడు ఇంటికి కొనిపోయిన తరువాత కొయ్య ముడుచుకొని పగులును. అప్పుడు లోకము నిందించునది వర్తకుని కాదు. లోపల అంటించిన చీటీపై ఎవని పేరున్నదో వానిని. కావున వాయులీన నిర్మాతకు నమ్మదగిన కలప వర్తకుడు దొరకుట సగము విద్య దొరకుటతో సమానము. తక్కిన సగము, ఆ వర్తకునిపై గూడ పూర్తిగా ఆధారపడక తన కంటితో, వేలితో, చెవితో ప్రతి ముక్కను పరీక్షించుకొనుట.

స్ట్రాడివరి పనెవెజ్జో అడవికి స్వయముగా పోయి, కొండవాలున దొరలు దుంగల మ్రోత విని చెట్లను ఎన్నుకొనెడివాడని ఒక కథ కలదు. కథ కథయే. అతని వాద్యములు చెప్పు సాక్ష్యము వేరు. మొదటి పదునైదేండ్ల వాద్యములలో పెక్కింటి మేపుల్ చారలు లేని సాదారకము. కొనువారి తాహతు, తన తాహతు దానికి మించి లేవు. అతడు ఆ సాదా కొయ్యతోనే కొలతలు సరిచూచుకొనుచు, చేయి తీర్చుకొనెను. పెద్ద వాద్యమైన చెల్లోకు పొడుగు వెడల్పులు గల మేపుల్ కరవైనప్పుడు, చౌకగా దొరకు పాప్లర్ కొయ్యతోను కొన్ని అడుగు పలకలు చేసెను. లోపలి మూలదిమ్మలకు తేలికయైన విల్లో కొయ్యను వాడెను. ఊరి చెట్టని చిన్నచూపు లేదు. దూరపు చెట్టని భ్రమ లేదు. ఏ పనికి ఏది తగునో అదియే అతనికి మేలైనది.

1680లో అతడు సాన్ దొమెనికో దేవాలయమునకు ఎదురుగా ఒక ఇల్లు కొనెను. మేడమీద గాలియు వెలుతురును తగులు అర ఒకటి అందుండెను. వాద్యములు ఆరుటకు అది అనువైన చోటు. అప్పటికి అతని పేరు ఊరు దాటుచుండెను. 1684లో గురువు ఆమాటి మరణించెను. 1690లో ఫ్లోరెన్సు నగరపు మెదిచి రాజకుమారుడు ఫెర్దినాందో కొరకు స్ట్రాడివరి ఒక వాద్యసముదాయమును చేసెను. అందులోని పెద్ద వియోలా ఒకటి దాదాపు చెక్కుచెదరకుండ నేటికిని ఫ్లోరెన్సులో నున్నది. సంపద వచ్చినకొలది అతని కొయ్య మారెను. 1700 మొదలు సుమారు ఇరువదియైదేండ్ల కాలమును అతని స్వర్ణయుగమందురు. ఆ కాలపు మేపుల్ పలకల జ్వాలాచారలు చూపరుల కన్నులకు పండుగ. సాదా కొయ్యతో నేర్చిన చేతికి మేలి కొయ్య అందినప్పుడు ఏమి జరుగునో ఆ వాద్యములు చాటుచున్నవి.

అట్లని కొయ్య ఎల్లప్పుడును మాట వినునది కాదు. 1708లో స్ట్రాడివరి వ్రాసిన ఉత్తరమొకటి నిలిచియున్నది. ఒక వాయులీనమును బాగుచేయుటలో జరిగిన ఆలస్యమునకు అందు మన్నింపు కోరెను. పెద్ద పగుళ్లపై పూసిన వార్నీషే ఆ ఆలస్యమునకు కారణమనియు, ఎండకు ఆ పగుళ్లు మరల విచ్చుకొనకుండుటకై ఆ జాగ్రత్త పడితిననియు తెలిపెను. రాజులకు వాద్యములు చేసిన వృద్ధశిల్పి, ఒక పగులు ఆరు వరకు ఓపిక పట్టెను.

అతని కొయ్యను గురించి మనకు మిక్కిలి నమ్మకమైన సాక్షి ఆ కొయ్యయే. చెట్టు ఏటికొక వలయము చొప్పున పెరుగును. అనుకూలమైన ఏట వలయము వెడల్పు. ప్రతికూలమైన ఏట సన్నము. ఒక ప్రాంతపు చెట్లన్నిటిలో ఈ వెడల్పు సన్నముల వరుస ఇంచుమించు ఒకటిగనే యుండును. ఆ వరుసలను పోల్చి, ఏ వలయము ఏ సంవత్సరమున ఏర్పడినదో శాస్త్రజ్ఞులు చెప్పగలరు. స్ట్రాడివరి వాయులీనములలో మిక్కిలి పేరుగన్న మెస్సయ్యపై 1716 అను సంవత్సరమున్నది. అది తరువాతివారు చేసిన నకలు కాదుగదా యని వివాదము రేగినప్పుడు, పై పలక వలయములను పరీక్షించిరి. 2004లో ప్రకటితమైన పరిశోధన ప్రకారము అవి 1577 నుండి 1687 వరకు ఏర్పడినవి. చీటీపైని సంవత్సరమునకు అడ్డు లేకపోయెను. కడపటి వలయమునకును వాద్యమునకును నడుమ ఇరువదితొమ్మిదేండ్లు కలవు. పలక చెక్కునప్పుడు బెరడు వైపు వలయములు కొన్ని పోవును గనుక అన్నియేండ్లును కొయ్య ఆరినదని చెప్పరాదు. కాని కొయ్య విషయమున తొందర లేదనుటకు ఇది చాలును. ఇట్టి పరీక్షలలోనే మరియొక సంగతి వెల్లడియైనది. అతని వాద్యములు కొన్నిటి పై పలకలు ఒకే మ్రాను నుండి వచ్చినవి. మంచి దుంగ దొరకినప్పుడు దానిని దాచుకొని, పలు వాద్యములకు వాడుకొనెనన్నమాట.

ఆ మ్రాను గొప్పతనమునకు కారణములు వెదకినవారు పెక్కుమంది. 1645 మొదలు 1715 వరకు సూర్యునిపై మచ్చలు మిక్కిలి తగ్గినవి. ఐరోపాలో చలి హెచ్చుగా నుండెను. ఆ చలిలో చెట్లు మెల్లగా పెరిగి కొయ్య చిక్కనయ్యెనని అమెరికా శాస్త్రజ్ఞులిద్దరు 2003లో సూచించిరి. 2006లోను, 2017లోను ప్రకటితమైన పరిశోధనలు స్ట్రాడివరి మేపుల్ కొయ్యపై ఏవో లవణముల ప్రక్రియ జరిగినదని చూపినవి. పురుగు పట్టకుండ కాపాడుటకు అట్టి ప్రక్రియ జరిగియుండునని ఒక ఊహ. ఆ మందు పూసినవాడు శిల్పియే కానక్కరలేదు. కలప వర్తకుడు కావచ్చును. ఈ ఊహలే నిజమైనను, అదే చలిలో పెరిగిన చెట్లు, అదే వెనిస్ అంగడి ఇతర పనివారికి గూడ అందుబాటులో నుండెను. కొయ్య అందరికి దొరకినను దానిని ఎన్నుకొను చూపు అందరికి లేదు.

స్ట్రాడివరి కడవరకు పనిబల్ల విడువలేదు. మొదటి భార్య 1698లో మరణించిన పిదప, 1699లో ఆంటోనియా జాంబెల్లిని వివాహమాడెను. పెద్దభార్య కుమారులు ఫ్రాంచెస్కో, ఒమొబోనో తండ్రి ప్రక్కనే పనిచేసిరి. తొంబదేండ్లు దాటిన పిదప చేసిన వాయులీనముల చీటీలపై తన వయస్సును గూడ వ్రాసికొనెను. 1737 డిసెంబరు 18వ తేదీన కన్నుమూసెను. ఆ జీవితకాలమున సుమారు 1100 వాద్యములు చేసెనని అంచనా. వానిలో ఆరువందలకు పైగా నిలిచియున్నవి. కుమారులిద్దరును అయిదారేండ్లలోనే తండ్రిని అనుసరించిరి. రెండవభార్య కుమారుడు పావొలో బట్టల వర్తకుడు. ఇంట మిగిలిన పనిముట్లను, అచ్చులను, మెస్సయ్య వాయులీనమును అతడు కోజియో ప్రభువునకు అమ్మెను. ఆ అచ్చులు, నమూనాలు చేతులు మారి 1930లో క్రెమోనాకు తిరిగివచ్చెను. 2013లో తెరచిన వాయులీన ప్రదర్శనశాలలో వానిని నేడు చూడవచ్చును. మెస్సయ్య మాత్రము ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డు నగరమున, అష్మోలియన్ ప్రదర్శనశాలలో నున్నది.

అతని తరువాతివారు ఆ నాదమును త్వరగా అందుకొనగోరిరి. పందొమ్మిదవ శతాబ్దిలో కొందరు నిర్మాతలు క్రొత్త కొయ్యను వేడిచేసి, పాతదానివలె చేయజూచిరి. మొదట బాగుగనే పలికిన ఆ వాద్యములు కొంతకాలమునకు బలహీనపడెను. కాలము చేయవలసిన పనిని పొయ్యి చేయలేకపోయెను. ఓపికతో ఆరిన కొయ్యను తెచ్చి, శ్రద్ధతో పనిచేసినవారు వేరొక ఫలము పొందిరి. 2012లోను, 2014లోను ప్రకటితమైన పరీక్షలలో, ఏ వాద్యమో తెలియకుండ వాయించిన విద్వాంసులు పాత ఇటలీ వాయులీనములను క్రొత్తవానినుండి వేరుచేయలేకపోయిరి. పలువురు క్రొత్తవానినే మెచ్చుకొనిరి. 2011లో స్ట్రాడివరి వాయులీనమొకటి ఒక కోటి ఏబదితొమ్మిది లక్షల డాలర్లకు అమ్ముడయ్యెను. కాని అతని విద్య ధనవంతుల పెట్టెలో చిక్కుకొనలేదు. మంచి కొయ్యను గుర్తించి, దానికొరకు ఆగగల ప్రతి పనివానికిని ఆ విద్యలో వాటా కలదు.

ఆ కొయ్య మాత్రము ఎల్లకాలము దొరకునని నిశ్చయము లేదు. 2018 అక్టోబరు చివర ఉత్తర ఇటలీ పర్వతములపై విరుచుకుపడిన తుపాను, ఫియెమ్మె ప్రాంతముతో సహా పలు లోయలలో కోటికి పైగా చెట్లను కూల్చివేసెను. తరతరములు కాచుకొన్న మ్రానులు ఒక్క రాత్రిలో నేలకొరగెను. అడవివారు పడినవానిలో నాదమునకు తగినవి ఏరి, క్రొత్త మొక్కలు నాటుటకు పూనుకొనిరి. ఆ మొక్కలు వాయులీనమునకు తగినంత లావగుటకు నూటయేబది సంవత్సరములైనను పట్టును. నాటినవారిలో ఒక్కడును ఆ నాదమును వినబోడు.

మెస్సయ్య పలకలో మిగిలిన మొదటి వలయము 1577 నాటిదని చెప్పితిమి. అనగా స్ట్రాడివరి పుట్టుటకు అరువదియేడేండ్ల ముందే ఆ చెట్టు కొండపై పెరుగుచుండెను. దానిని గొడ్డలివేటు నుండి అన్నినాళ్లు కాచినవాని పేరు ఏ చీటీపైనను లేదు.